సర్ఫాక్టెంట్ చర్మంలోకి ఎంత దిగుతుంది? ఫ్రాంజ్ సెల్‌తో కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఫ్రాంజ్ సెల్ అంటే రెండు గదుల పాత్ర: మధ్యలో చర్మం ముక్క బిగించి, పై గదిలో (డోనర్) పదార్థం వేసి, కింది గదిలోని ద్రవంలోకి (రిసెప్టర్) ఎంత దిగిందో కొలుస్తారు. కెఫీన్ లాంటి పదార్థాన్ని చర్మం మీద వేసి కొలిచేటప్పుడు, 24 గంటల తర్వాత కూడా చర్మం దాదాపు మొదట్లో ఉన్నట్టే ఉంటుందన్న ధీమాతో లెక్కలు వేస్తాం. సర్ఫాక్టెంట్ల (షాంపూ, డిటర్జెంట్ లాంటివాటిలో మురికిని వదిలించే పదార్థాల) విషయంలో ఆ ధీమాకు తావు లేదు. సోడియం లారిల్ సల్ఫేట్‌నే (ఇకపై ఎస్ఎల్ఎస్) తీసుకుంటే, అది స్ట్రాటమ్ కార్నియంలోని (చర్మానికి అన్నిటికంటే పైనుండే మృతకణాల పొరలోని) కెరాటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉబ్బిస్తుంది, కణాల మధ్య ఉండే కొవ్వు పొరల అమరికను చెదరగొడుతుంది. ఏ అడ్డుగోడ గుండా ఎంత దాటిందో లెక్కపెట్టాలనుకుంటున్నామో ఆ గోడనే మార్చేస్తుంది. గాఢత, సమయం, కడిగే తీరు, వీటిలో ఏది మారినా ఫలితం మారడానికి కారణం ఇదే. కింది పద్ధతి అంతా ఈ ఒక్క ఇబ్బందిని అదుపులో పెట్టడానికే.

ఆధారం ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం ఉన్న అంతర్జాతీయ సంస్థ) 2004లో ఆమోదించిన 428వ టెస్ట్ గైడ్‌లైన్. కాస్మెటిక్స్ కోసం చేసే పరీక్ష అయితే యూరప్‌లో వినియోగదారుల భద్రత చూసే శాస్త్రీయ కమిటీ ఎస్‌సీసీఎస్ షరతులు కూడా కలుస్తాయి. అవి ఎక్కడెక్కడ వేరవుతాయో సందర్భం వచ్చినప్పుడు చెబుతాం. ఉదాహరణగా కార్బన్-14 లేబుల్ (జాడ పట్టడానికి అణువులో పెట్టిన రేడియోధార్మిక పరమాణువు) ఉన్న ఎస్ఎల్ఎస్, నీటిలో 1 శాతం ద్రావణం, కడిగేసే ఉత్పత్తి తరహా వాడకం అనుకుందాం.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది గాఢత. శుద్ధమైన నీటిలో 25 డిగ్రీల దగ్గర ఎస్ఎల్ఎస్ అణువులు మైసెల్స్‌గా (గుంపులుగా) మారే గాఢత సుమారు 8 మిల్లీమోలార్, అంటే 0.24 శాతం దరిదాపు. ఉప్పు కలిస్తే ఇది బాగా పడిపోతుంది, 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో 1.5 మిల్లీమోలార్‌కు దగ్గరగా వస్తుంది. విడి అణువులే చర్మంలోకి వెళ్తాయని, మైసెల్స్ పెద్దవి కాబట్టి బయటే ఉండిపోతాయని చాలాకాలం అనుకున్నారు. కానీ ఈ హద్దు దాటాక కూడా గాఢత పెంచేకొద్దీ చర్మంలో చేరే ఎస్ఎల్ఎస్ పెరుగుతూనే ఉంటుందని పంది చర్మం మీద చేసిన కొలతలు చూపించాయి. అందుకే 0.1 శాతం దగ్గర వచ్చిన ఫలితాన్ని పదితో గుణించి 1 శాతానికి అంటగట్టకూడదు. అసలు వాడకంలో చర్మాన్ని తాకే గాఢత ఎంతో ఆ గాఢతలోనే పరీక్షించాలి. షాంపూ అయితే సీసాలో ఉన్నది కాదు, తలమీద నీళ్లతో పలచబడ్డాక ఉన్నది.

రెండోది సమయం. కడిగేసే ఉత్పత్తికి 10 నుంచి 30 నిమిషాలు ఉంచి, కడిగి, ఆపైన 24 గంటల వరకు నమూనాలు తీయాలి. ఒంటిమీద ఉండిపోయే ఉత్పత్తికి 24 గంటలూ అలాగే వదలాలి. 24 గంటలు దాటించడం మంచిది కాదు. తీసి ఉంచిన చర్మం అప్పటికి తనంతట తానే పాడవడం మొదలవుతుంది, సర్ఫాక్టెంట్ చేసిన నష్టమేదో, కాలం చేసినదేదో విడదీయలేం.

మూడోది సెల్స్ సంఖ్య. ఓఈసీడీకి కనీసం 4 సరిపోతాయి. ఎస్‌సీసీఎస్ నలుగురు దాతల నుంచి కనీసం 8 ముక్కలు అడుగుతుంది. సర్ఫాక్టెంట్‌తో కొన్ని ముక్కలు మధ్యలో పోవడం మామూలే కనుక నలుగురు దాతలు, ఒక్కొక్కరికి మూడు డోస్ సెల్స్ (ఎస్ఎల్ఎస్ వేసేవి), ఒక నీటి కంట్రోల్ (పోలికకు ఒట్టి నీళ్లు వేసేది), మొత్తం 16 పెట్టుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు.

లేబుల్‌తోనా, మాస్ స్పెక్ట్రోమీటర్‌తోనా

రేడియోలేబుల్‌కు అనుమతి ఉంటే అదే మేలు. దానివల్ల వేసిన పదార్థమంతా ఎక్కడెక్కడ పోయిందో లెక్క తేలుతుంది. అయితే లేబుల్ ఎక్కడ ఉందో చూడండి. సల్ఫర్-35 అయితే సగం ఆయువు 87 రోజులే, పైగా సల్ఫేట్ ఊడిపోతే మనం లెక్కపెట్టేది ఉత్త అకర్బన సల్ఫేట్‌ను. డోడెసిల్ గొలుసులో మొదటి కార్బన్ మీద కార్బన్-14 ఉంటే నయం. అప్పుడూ ఒక చిక్కుంది. ఆమ్ల పీహెచ్‌లో ఎస్ఎల్ఎస్ విరిగి డోడెకనాల్ అవుతుంది, లేబుల్ దానితో పోతుంది. డోడెకనాల్ కొవ్వులో బాగా కరుగుతుంది, చర్మంలో దాని నడక వేరు. అందుకని స్టాక్ వచ్చిన రోజు ఒకసారి, డోస్ వేసే రోజు మరోసారి రేడియోకెమికల్ శుద్ధత (లేబుల్‌లో ఎంత భాగం ఇంకా ఎస్ఎల్ఎస్‌గానే ఉందో) పరీక్షించాలి.

లేబుల్ లేకపోతే ఎల్‌సీ-ఎంఎస్, అంటే ద్రవ క్రొమటోగ్రఫీతో విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అయాన్ల ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పద్ధతి. నెగెటివ్ మోడ్‌లో ఎస్ఎల్ఎస్ అయాన్ 265 దగ్గర, దాని ముక్క 97 దగ్గర కనిపిస్తుంది. డ్యుటీరియం-25 ఉన్న ఎస్ఎల్ఎస్‌ను ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోలికకు ప్రతి నమూనాలో తెలిసిన మోతాదులో) కలపండి, అది 290 దగ్గర వస్తుంది. ఇక్కడ అసలు శత్రువు బ్లాంక్, అంటే ఎస్ఎల్ఎస్ వేయని ఖాళీ నమూనాలోనూ కనిపించే సిగ్నల్. గాజు సామాను కడిగే డిటర్జెంట్‌లోనూ ఇదే ఉండొచ్చు. ఆ బ్యాచ్ కోసం గాజును ముందు వేడినీళ్లతో, తర్వాత మిథనాల్‌తో కడిగి, డిటర్జెంట్ తగలని వయల్స్ వాడండి. బ్లాంక్ పీక్ సున్నాకు దిగేదాకా అసలు నమూనాల జోలికి వెళ్లొద్దు. మార్కెట్‌లో దొరికే ఎస్ఎల్ఎస్‌లో 12 కార్బన్ల గొలుసుతో పాటు పొట్టివీ పొడుగువీ కలిసే ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. ఒక్క 265ను చూస్తే మిగతావి లెక్కలోకి రావు.

లేబుల్ ఎంత పోయాలో ఒకసారి లెక్కేసుకుందాం. సెల్ వైశాల్యం 0.64 చ.సెం.మీ., డోస్ చ.సెం.మీ.కు 10 మైక్రోలీటర్లు అయితే సెల్‌కు 6.4 మైక్రోలీటర్లు, అందులో 64 మైక్రోగ్రాముల ఎస్ఎల్ఎస్. చ.సెం.మీ.కు సరిగ్గా 100 మైక్రోగ్రాములు. సెల్‌కు 1 మైక్రోక్యూరీ వేస్తే అది నిమిషానికి 22.2 లక్షల విఘటనలు. కౌంటర్‌లో బ్యాక్‌గ్రౌండ్ పైన 60 విఘటనలు నమ్మకంగా కనబడతాయనుకుంటే, 5 మి.లీ. రిసెప్టర్ నుంచి తీసిన అర మి.లీ.లో కనీసంగా పట్టుబడేది డోస్‌లో 0.027 శాతం. ఎస్ఎల్ఎస్‌లో రిసెప్టర్ దాకా చేరేది చాలా కొద్ది కాబట్టి ఇంతకంటే తక్కువ లేబుల్‌తో మొదలుపెడితే సగం నమూనాలు గుర్తింపు హద్దు కిందే ఉండిపోతాయి.

రిసెప్టర్ ఫ్లూయిడ్: పొటాషియం ఉచ్చు

అలవాటుగా అందరూ ఫాస్ఫేట్ బఫర్ సెలైన్ తీస్తారు, పీహెచ్ 7.4. అందులో పొటాషియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ రెండూ ఉంటాయి, కలిపి 4 మిల్లీమోలార్ పైచిలుకు పొటాషియం. పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ సోడియం లవణమంత తేలిగ్గా కరగదు. పైన చెప్పిన చిన్న డోస్‌లో రిసెప్టర్‌కు చేరే కొద్దిపాటి ఎస్ఎల్ఎస్‌కు దీనివల్ల ప్రమాదం లేదు. దెబ్బ తగిలేది స్టాండర్డ్స్ (గాఢత తెలిసిన పోలిక ద్రావణాలు) దగ్గర. మి.లీ.కు 1 మి.గ్రా. స్టాక్‌ను ఈ బఫర్‌లోనే చేస్తే గది చల్లదనానికి తెల్లగా మబ్బు పట్టి అడుగుకు దిగుతుంది. పైన తేట మీద నుంచి తీసిన స్టాండర్డ్ తక్కువ చూపిస్తుంది, క్యాలిబ్రేషన్ గీత వాలిపోతుంది, నమూనాలన్నీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. విరుగుడు తేలిక: పొటాషియం లేకుండా సోడియం ఫాస్ఫేట్, సోడియం క్లోరైడ్‌లతోనే బఫర్ చేసుకోండి. హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ) మొబైల్ ఫేజ్‌లోనూ, అంటే అందులో పారే ద్రావకంలోనూ, పొటాషియం ఫాస్ఫేట్ వద్దు.

డోస్ ద్రావణానికీ చలి పడదు. 1 శాతం ఎస్ఎల్ఎస్‌ను ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది. తీసి వెంటనే పిపెట్ చేయకండి. 30 డిగ్రీలకు వెచ్చచేసి, నెమ్మదిగా తిప్పుతూ పూర్తిగా తేటపడ్డాక వాడండి. కుదిపితే నురుగు వస్తుంది.

కొవ్వులో కరిగే సర్ఫాక్టెంట్లకు, ముఖ్యంగా పొడవాటి గొలుసు నాన్-అయానిక్ (ఆవేశం లేని) రకాలకు, రిసెప్టర్‌లో కరిగేతనం పెంచాలి. మామూలు పరీక్షల్లో ఇందుకు 6 శాతం పాలీఇథాక్సిలేటెడ్ ఒలీల్ ఈథర్ కలుపుతారు. సర్ఫాక్టెంట్‌ను కొలిచే పరీక్షలో మాత్రం అది కలపకపోవడమే మంచిదని మా అభిప్రాయం. అదీ సర్ఫాక్టెంటే కనుక రెండూ కలిసి మైసెల్స్ కడతాయి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో సిగ్నల్‌ను అణిచేస్తాయి, చర్మాన్ని కింది నుంచి కూడా దెబ్బతీయొచ్చు. 5 శాతం బొవైన్ సీరమ్ ఆల్బుమిన్ కలపండి, అది డోడెసిల్ సల్ఫేట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఎల్‌సీ-ఎంఎస్ అయితే ఆ తర్వాత ప్రోటీన్‌ను అసిటోనైట్రైల్‌తో దించే పని ఒకటి అదనంగా ఉంటుంది. ఏది వాడినా రిసెప్టర్‌లో పోగయ్యే గాఢత, అందులో కరగగలిగిన గరిష్ఠంలో పదో వంతు దాటకూడదు.

ఫ్లూయిడ్‌లో గాలి తీసేయడం మరవద్దు. 32 డిగ్రీలకు వేడెక్కాక కరిగి ఉన్న గాలి బుడగలై సరిగ్గా చర్మం అడుగున చేరుతుంది. బుడగ ఉన్నంత మేర శోషణ ఆగిపోతుంది.

చర్మం సిద్ధం చేయడం, సెల్ బిగించడం

పొట్ట లేదా రొమ్ము శస్త్రచికిత్సలో తీసేసిన చర్మం, దాత సమ్మతితో, ఎథిక్స్ కమిటీ అనుమతితో రావాలి. కింది కొవ్వును స్కాల్పెల్‌తో శుభ్రంగా తీయండి. కొవ్వు చుక్క పైకి అంటిందంటే స్ట్రాటమ్ కార్నియం మీద మరో పొర వేసినట్టే. వెంట్రుకలు కత్తెరతో కత్తిరించాలి, గీయకూడదు. డెర్మటోమ్‌తో (చర్మాన్ని పలచగా కోసే పరికరం) 200 నుంచి 400 మైక్రోమీటర్ల మందాన తీసి, ఒక్కో ముక్క మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర భద్రపరచవచ్చు. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. గడ్డకట్టిన చర్మంలో ఎంజైముల పనిని నమ్మలేం. జీవక్రియ కూడా చూడాలంటే తాజా చర్మమే కావాలి, అప్పుడు రిసెప్టర్‌లో సోడియం అజైడ్ వేయకూడదు.

సెల్ కింది గదిలో అయస్కాంతపు పుల్ల వేసి, చర్మాన్ని స్ట్రాటమ్ కార్నియం పైకి ఉండేలా పరిచి, ముడత లేకుండా బిగించండి. రిసెప్టర్ నింపాక సెల్‌ను వంచి, బుడగలను పక్క గొట్టంలోంచి పంపించేయాలి. చర్మం ఉపరితలం 32 డిగ్రీలు, ఒక డిగ్రీ అటూఇటూ. వాటర్ బాత్ డిస్‌ప్లే చూపే అంకెను నమ్మకుండా థర్మోకపుల్‌ను చర్మం మీదే పెట్టి చూడండి. సాధారణంగా బాత్‌ను మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

అడ్డుగోడ పరీక్ష, రెండుసార్లు

డోస్‌కు ముందు ప్రతి ముక్కకూ ఇంటెగ్రిటీ పరీక్ష (అడ్డుగోడ చెక్కుచెదరకుండా ఉందా అని చూడటం) చేయాలి. చర్మం గుండా నీరు ఆవిరయ్యే రేటు కొలిస్తే చ.మీ.కు గంటకు 10 గ్రాములు దాటిన ముక్కను పక్కన పెట్టడం వాడుక. ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న నీటితో అయితే పర్మియబిలిటీ కోఎఫిషియంట్ (చర్మం గుండా ఎంత వేగంగా దాటుతుందో చెప్పే అంకె) గంటకు 0.0025 సెం.మీ. దాటితే తిరస్కరిస్తారు. విద్యుత్ నిరోధం కొలిచే ల్యాబ్‌లు తమ సెల్ వైశాల్యానికి, ఫ్రీక్వెన్సీకి తగ్గ హద్దు సొంతంగా పెట్టుకోవాలి. మరొక ల్యాబ్ అంకెను ఎత్తి తెచ్చుకోకూడదు.

మామూలు పరీక్షలో ఇక్కడితో ఆపేస్తారు. సర్ఫాక్టెంట్‌కు చివర్లో మళ్లీ చేయాలి. అయితే చివర ట్రిషియం నీరు పోస్తే చర్మంలో మిగిలిన ఎస్ఎల్ఎస్‌ను అదే కడిగి కిందికి దించుతుంది. అందుకని అదే డోస్ వేసిన, మాస్ బ్యాలెన్స్‌కు (వేసినదంతా ఎక్కడెక్కడ దొరికిందో కూడే లెక్కకు) లెక్కపెట్టని జంట సెల్స్ రెండు మూడు పెట్టి, ముగింపు పరీక్ష వాటి మీదే చేయండి. నీటి కంట్రోల్‌తో పోల్చినప్పుడే ఆ అంకెకు అర్థం ఉంటుంది. 24 గంటలు తడి గాలిలో ఉన్న కంట్రోల్ చర్మం కూడా కొంత వదులవుతుంది.

డోస్ వేయడం

గాలి స్థానభ్రంశంతో పనిచేసే మామూలు పిపెట్ టిప్‌లో సర్ఫాక్టెంట్ సన్నటి పొరలా మిగిలిపోతుంది, చివరి చుక్క బుడగై పేలుతుంది. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పిపెట్ వాడండి. 6.4 మైక్రోలీటర్లను నాలుగైదు చుక్కలుగా వేసి, పిస్టన్ కొనతో మెల్లగా పరచండి. డోసింగ్ మొదట్లో, మధ్యలో, చివర్లో అదే పరిమాణాన్ని నేరుగా కౌంటింగ్ వయల్స్‌లోకి వేయండి. ఈ నకలు డోస్‌ల సగటే మీ 100 శాతం. వాటి మధ్య 5 శాతం మించి తేడా వస్తే సెల్స్ మధ్య కనిపించే తేడాలో ఎంత చర్మానిదో, ఎంత చేతిదో తెలియదు.

చ.సెం.మీ.కు 10 మైక్రోలీటర్ల నీటి ద్రావణం 32 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు తడిగా ఉండదు. నీరు ఆవిరయ్యేకొద్దీ గాఢత 1 శాతం నుంచి పైకి పోయి, చివరికి ఎండిన పొర అవుతుంది. పది నిమిషాల్లో కడిగేసే పరీక్షలో ఇది పెద్దగా అడ్డురాదు. 24 గంటల పరీక్షలో మాత్రం నివేదికలో 1 శాతం అని రాసినా చర్మం చూసింది అది కాదు. మూత పెడితే ఎండదు కానీ చర్మం నానిపోయి శోషణ పెరుగుతుంది. అసలు వాడకంలో మూత లేకపోతే పరీక్షలోనూ వద్దు.

క్వాటర్నరీ అమోనియం లాంటి కేటయానిక్ (ధన ఆవేశం ఉన్న) రకాలు గాజుకు అతుక్కుంటాయి. డోస్ ద్రావణాన్ని పలచగా చేసి గాజు వయల్‌లో ఉంచితే గాఢత దానంతటదే తగ్గిపోవచ్చు. సిలనైజ్ చేసిన గాజు వాడండి, లేదా వయల్‌ను అదే ద్రావణంతో ఒకసారి నింపి పారబోసి అప్పుడు అసలుది పోయండి.

కడగడం

ఈ పరీక్షలు ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే. అలవాటైన పద్ధతి సబ్బు నీళ్లతో కడగడం. కొలిచేదే సర్ఫాక్టెంట్ అయినప్పుడు సబ్బు మరో సర్ఫాక్టెంట్‌ను తెచ్చి చర్మం మీద పోస్తుంది. కడిగే పని కాసేపు శోషణను పెంచుతుందన్నదీ తెలిసిన విషయమే. ఒట్టి నీళ్లతో, 32 నుంచి 37 డిగ్రీల వెచ్చదనంలో కడగండి. ఒక్కోసారి 0.3 మి.లీ. మాత్రమే పోయాలి. అంతకు మించితే నురుగు డోనర్ గది అంచు దాటి కారిపోతుంది, ఆ కారినది మాస్ బ్యాలెన్స్‌లో మళ్లీ దొరకదు. పిపెట్‌తో మూడుసార్లు మెల్లగా పైకీ కిందకీ లాగి తీసేయండి. ఇలా పదిసార్లు, తర్వాత పొడి దూది పుల్లలు రెండు. అన్ని సెల్స్‌కూ అవే లెక్కలు, వీలైతే ఒకే మనిషి చెయ్యి.

తీసిన కడుగు నీళ్లు నురుగుతో నిండి ఉంటాయి, వాటి ఘనపరిమాణం చదవబోతే తప్పు వస్తుంది. సీసాను తూచండి, బరువు ప్రకారమే భాగం తీసి కౌంట్ చేయండి. డోనర్ గది గోడలను చర్మం మీద ఉండగా ఆల్కహాల్‌తో తుడవకూడదు. చివర విప్పాక విడిగా మిథనాల్‌లో నానబెట్టాలి.

కడిగాక 1, 2, 4, 8, 12, 24 గంటలకు రిసెప్టర్ నమూనా తీసి, అంతే కొత్త ఫ్లూయిడ్ వెచ్చగా పోయండి. 24వ గంటకు ఉపరితలాన్ని మరోసారి తుడిచి ఆ పుల్లలను విడిగా లెక్కించండి.

పొరలు విడదీయడం

సెల్ విప్పి, చర్మాన్ని కొన్ని నిమిషాలు ఆరనివ్వండి. తడి చర్మం మీద టేప్ పట్టదు, పట్టినా కార్నియం దుప్పటిలా ఊడి వస్తుంది. కార్నియంను పొరపొరగా లేపే గుండ్రటి డి-స్క్వేమ్ టేప్‌ను ప్రతిసారీ ఒకే బరువుతో, ఒకే సమయం నొక్కి తీయండి, గరిష్ఠంగా 20. మొదటి రెండింటినీ విడిగా ఉంచాలి. అవి చర్మం మీద మిగిలిపోయిన డోస్‌ను మోస్తాయి. ఎస్ఎల్ఎస్ తగిలిన చర్మంలో పది టేపులకే ఎపిడెర్మిస్ (కార్నియం కింద ఉన్న పై చర్మం) లేచి వచ్చేస్తుంటే అక్కడితో ఆపి, ఆ టేపును ఎపిడెర్మిస్ ఖాతాలో వేసి, ఎన్నో టేపు దగ్గర ఆగారో రాయండి.

బిగింపు కింద ఉన్న అంచు చర్మాన్ని కత్తిరించి విడిగా లెక్కించండి. అక్కడ ఎక్కువ కనిపిస్తే ఆ సెల్ కారిందని అర్థం. మధ్య భాగాన్ని ఎపిడెర్మిస్, డెర్మిస్‌గా (లోపలి చర్మం) విడదీయడానికి 60 డిగ్రీల వేడి ఒక నిమిషం చాలు. దీనికి నీళ్లలో ముంచే పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఎస్ఎల్ఎస్ నీళ్లలోకి వచ్చేస్తుంది. ఫాయిల్‌లో చుట్టి పొడి వేడి ఇవ్వండి. తర్వాత టిష్యూ సాల్యుబిలైజర్‌లో రాత్రంతా 50 డిగ్రీల దగ్గర కరిగించి, స్కింటిలేషన్ కాక్‌టెయిల్ (రేడియోధార్మికత తగిలితే మెరిసే ద్రవం) కలిపి, వయల్స్‌ను చీకట్లో ఉంచాకే కౌంట్ చేయండి. వెంటనే చేస్తే కెమిల్యూమినిసెన్స్ (రసాయన చర్య నుంచి వచ్చే వెలుగు) వల్ల అంకె ఉబ్బుతుంది. రికవరీ (వేసినదాంట్లో తిరిగి దొరికిన మొత్తం) 110 శాతం దాటినప్పుడు ముందు అనుమానించాల్సింది దీన్నే.

లెక్క

మూడో నమూనా నాటికి రిసెప్టర్‌లోకి చేరిన మొత్తం, 5 మి.లీ. సెల్, 0.5 మి.లీ. నమూనా అయితే: మూడో గాఢతను 5తో గుణించి, దానికి మొదటి రెండు గాఢతల మొత్తాన్ని 0.5తో గుణించి కలపాలి. ఈ సవరణ మరిచిపోతే వక్రరేఖ చివర వంగిపోయినట్టు కనిపిస్తుంది.

మొత్తం లెక్క ఎలా తేలుతుందో చూపడానికి ఒక ఊహా సెల్, చ.సెం.మీ.కు మైక్రోగ్రాముల్లో: డోస్ 100, కడుగు నీళ్లు, పుల్లలు 93.0, డోనర్ గది 0.8, మొదటి రెండు టేపులు 1.2, మిగతా టేపులు 2.0, అంచు చర్మం 0.1, ఎపిడెర్మిస్ 0.6, డెర్మిస్ 0.2, రిసెప్టర్ 0.1. కూడితే 98.0. ఓఈసీడీ హద్దు 90 నుంచి 110, ఎస్‌సీసీఎస్ హద్దు 85 నుంచి 115, రెండింటిలోనూ పడింది. ఇక శోషణ ఎంత? ఎస్‌సీసీఎస్ లెక్కలో స్ట్రాటమ్ కార్నియం కలపరు, కాబట్టి 0.9. చర్మంలో మిగిలింది ఇక కదలదని చూపలేనప్పుడు ఓఈసీడీ వైఖరి దాన్నీ శోషణగా పరిగణించమంటుంది, అప్పుడు మొదటి రెండూ పోగా మిగతా టేపులు కూడా కలిసి 2.9. ఒకే సెల్‌కు మూడింతల తేడా. నివేదికలో ఏ లెక్క పట్టారో చెప్పకుండా ఒక్క శాతం అంకె ఇవ్వడం చదివేవాళ్లను మోసగించడమే. కార్నియంలో సర్ఫాక్టెంట్ కెరాటిన్‌ను పట్టుకుని నిలవ ఉంటుంది కనుక ఈ తేడా వీటిలో మరీ ఎక్కువ.

పర్మియబిలిటీ కోఎఫిషియంట్ ఇవ్వమని ఎవరైనా అడగవచ్చు. దానికి రెండు షరతులున్నాయి: పై గాఢత స్థిరంగా ఉండాలి, చర్మం మారకుండా ఉండాలి. మైసెల్ హద్దు పైన ఉన్న ఎస్ఎల్ఎస్‌కు రెండోది చెల్లదు, చిన్న డోస్‌కు మొదటిదీ చెల్లదు. తడి ఆరకుండా పెద్ద డోస్ వేసినా, స్థిరమైన వాలు రావలసిన చోట రేఖ పైకి పైకి లేస్తుంటే అది కొలత లోపం కాదు, గోడ వదులవుతోందనడానికి గుర్తు. అలాంటి రేఖలో ఏ ముక్కకు వాలు గీసినా ఆ అంకె మనం ఎంచుకున్నదే అవుతుంది. సమయంతో పాటు మొత్తాన్ని చూపి వదిలేయండి.

ఒకే దాత సెల్స్ అన్నీ ఎక్కువ చూపిస్తే అది ఆ చర్మం లక్షణం, ఉంచండి. ఒకే దాతలో ఒక్క సెల్ మాత్రం మొదటి గంటలోనే ఎగిరితే అంచు చర్మం లెక్క, కింద బుడగ, డోస్‌కు ముందు ఇంటెగ్రిటీ అంకె, ఈ మూడూ చూసి, కారణం దొరికితేనే తీసేయండి. గుర్తింపు హద్దు కింద పడిన రిసెప్టర్ నమూనాలను సున్నాగా రాయకండి. హద్దు విలువతో ఒకసారి, సున్నాతో ఒకసారి లెక్కవేసి రెండూ ఇవ్వండి. సగటుతో పాటు స్టాండర్డ్ డీవియేషన్ తప్పనిసరి, ఎందుకంటే భద్రత లెక్కల్లో ఎస్‌సీసీఎస్ మామూలుగా తీసుకునేది సగటుకు ఒక డీవియేషన్ కలిపిన విలువను.